కాగితం అడుగుతారు, పెళ్ళి కాగితం కాదు

పోయిన సంచికలో చైనాలోని సుజౌ అనే ఊళ్ళో నేనున్న నాలుగేళ్ళ గురించి ఏదో సందర్భంలో రెండు లైన్లు రాశాను. అంతే, ఈ నెల ఉత్తరాల్లో సగం చైనా మీదే వచ్చాయి. అందులోనూ ఎక్కువమంది అడిగింది ఒకే విషయం, పెళ్ళి కాకుండా అక్కడ కలిసి ఇల్లు తీసుకోవచ్చా అని. తక్కిన ప్రశ్నలు వచ్చే నెలకి దాచి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాది సీతమ్మధార. నాకు 26 ఏళ్ళు, మధురవాడలో ఉద్యోగం. మా కంపెనీ నన్ను రెండేళ్ళకి సుజౌ పంపిస్తోంది, వర్క్ వీసా పనులు మొదలయ్యాయి. నాకు కాబోయే ఆయన ఎనిమిది నెలలుగా అక్కడే ఉద్యోగం చేస్తున్నారు. నిశ్చితార్థం అయింది కానీ వాళ్ళ నానమ్మ గారు పోవడంతో పెళ్ళి వచ్చే ఏడాదికి వెళ్ళింది. రెండు అద్దెలు ఎందుకు, ఒకే ఫ్లాట్ తీసుకుందాం అనుకున్నాం. మా మేనత్త మాత్రం "చైనాలో పెళ్ళికానివాళ్ళు ఒకే ఇంట్లో ఉంటే పోలీసులు పట్టుకెళ్తారంట" అని ఇంట్లో అందరికీ టెన్షన్ పెట్టింది. నిజమేనా? ఓనర్ పెళ్ళి సర్టిఫికెట్ అడుగుతాడా? అడిగితే భార్యాభర్తలమని చెప్పేయొచ్చా?

జవాబు: మీ మేనత్త గారు చెప్పింది పూర్తిగా గాలికబురు కాదమ్మా, ఓ ముప్పై ఏళ్ళ కిందటి కబురు, అంతే. 1979 నాటి చైనా శిక్షాస్మృతిలో పోకిరీతనం అనే నేరం ఒకటి ఉండేది. దాని కిందకి ఏదైనా లాగేవాళ్ళు, ఆడా మగా సంబంధాలు కూడా. 1997లో చట్టాన్ని తిరగరాసినప్పుడు ఆ నేరాన్ని తీసేశారు. జంటగా హోటల్‌కి వెళ్తే పెళ్ళి సర్టిఫికెట్ చూపించాల్సిన రోజులు, పెళ్ళి రిజిస్టర్ కావాలంటే పనిచేసే చోటు నుంచి ఉత్తరం తెచ్చుకోవాల్సిన రోజులు వాళ్ళకీ ఉన్నాయి. ఆ ఉత్తరం బెడద 2003 అక్టోబర్ 1తో పోయింది. ఇవాళ పెళ్ళికాని ఇద్దరు పెద్దవాళ్ళు ఒకే ఇంట్లో ఉండటం అక్కడ నేరం కాదు, చైనావాళ్ళకీ కాదు, మనలాంటి విదేశీయులకీ కాదు. ఇద్దరిలో ఎవరికైనా ముందే పెళ్ళయి విడాకులు రాకుండా ఉంటే అది వేరే కథ, 2021 నుంచి అమల్లో ఉన్న వాళ్ళ సివిల్ కోడ్ దాన్ని ఒప్పుకోదు. మీ సంగతి అది కాదు కాబట్టి వదిలేద్దాం.

ఇక ఓనర్ సంగతి. నేనూ మా ఆయనా అక్కడ మొదటి ఫ్లాట్ తీసుకున్నప్పుడు మాకింకా పెళ్ళి కాలేదు (మా అత్తగారు ఈ పత్రిక చదువుతారు, ఆవిడకి ఈ విషయం ఇవాళే తెలుస్తోంది). అంతకు ముందు ఏడాది ఎంవీపీ కాలనీలో నేనొక్కదాన్నే ఇల్లు వెతుక్కుంటూ తిరిగితే, టూ-లెట్ బోర్డు ఉన్న ప్రతిచోటా వాచ్‌మన్ మొదలుకొని అసోసియేషన్ సెక్రటరీ దాకా "ఏటమ్మా, మీ ఆయన ఎక్కడుంటారు" అనే అడిగారు. ఆ అలవాటుతో సుజౌలో కూడా ఒక కట్టుకథ సిద్ధం చేసుకుని వెళ్ళాను. అక్కడి ఓనరమ్మ, అరవై దాటిన మనిషి, మా ఇద్దర్నీ కింద నుంచి పైదాకా చూసి ఏజెంట్ ద్వారా అడిగినవి మూడే మూడు: కుక్కని పెంచుతారా, రోజూ నూనెలో వేయిస్తారా, మూడు నెలల అద్దె ఒకేసారి ఇవ్వగలరా. రెండోదానికి మాత్రం అబద్ధం చెప్పాం.

పాస్‌పోర్టుల్లో ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయే, దొరికిపోతామేమో అని కూడా భయపడ్డాను. చైనాలో ఆడవాళ్ళు పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోరు, అసలు ఆ వాడుకే లేదు. మొగుడూ పెళ్ళాల పేర్లు వేరుగా ఉండటమే వాళ్ళకి మామూలు. కాబట్టి మీ కట్టుకథ మీ దగ్గరే ఉంచుకోండి, భార్యాభర్తలమని చెప్పకండి. ముఖ్యంగా పోలీసు కాగితాల మీద, వీసా కాగితాల మీద అస్సలు వద్దు. ఎవరూ అడగని ప్రశ్నకి అబద్ధం చెప్పి, రేపు నిజంగా పెళ్ళయ్యాక ఆ తేదీ ఎందుకు మారిందో వివరించుకోవడం ఎందుకు చెప్పండి.

వాళ్ళు తప్పకుండా అడిగే కాగితం ఒకటుంది, అది ఇంటి చిరునామా రిజిస్ట్రేషన్. చైనాలో హోటల్లో దిగితే హోటల్ వాళ్ళే పోలీసులకి తెలియజేస్తారు. ఇంట్లో ఉంటే మాత్రం చేరిన 24 గంటల్లోపు ఆ పేటకి సంబంధించిన పోలీస్ స్టేషన్లో (అక్కడ పాయ్‌చూసువో అంటారు, ఆ మాట నేర్చుకోండి, టాక్సీ వాడికైనా పనికొస్తుంది) మీరో మీ ఓనరో నమోదు చేయించాలి. 2013 జులై 1 నుంచి అమల్లో ఉన్న వాళ్ళ రాకపోకల చట్టంలో 39వ అధికరణం ఇది. చేయించకపోతే హెచ్చరిక, దానితోపాటు 2,000 యువాన్ల దాకా జరిమానా కూడా వేయొచ్చు. కొన్ని ఊళ్ళలో ఫోన్‌లోనే అయిపోతుంది, కొన్నిచోట్ల మనిషి వెళ్ళాలి. మీ ఇద్దరికీ విడివిడిగా చేయించాలి, జంటకి కలిపి ఒకటి ఉండదు. ఆయన పేరు ఆ చిరునామాలో ఉంది కదా, నేనూ అక్కడే ఉంటున్నాను కదా అని మీరు ఊరుకుంటే జరిమానా మీకే పడుతుంది. నా వంతు వచ్చినప్పుడు కౌంటర్‌లో ఉన్న కుర్రాడు నాకూ మా ఆయనకీ సంబంధం ఏమిటని అడిగాడు, ఫ్రెండ్ అన్నాను, అలాగే టైపు చేసి ప్రింట్ తీసి ఇచ్చాడు, తలెత్తి కూడా చూడలేదు.

ఆ ప్రింట్ జాగ్రత్త. వర్క్ వీసా మీద దిగినవాళ్ళు 30 రోజుల్లోపు నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి, అందుకు ఈ కాగితం ఉండాలి. అంటే ఇల్లు సరిగ్గా లేకపోతే ఉద్యోగం కాగితాలు కూడా ఆగుతాయన్నమాట. ఇల్లు చూసేటప్పుడు అద్దె కన్నా ముందు అడగాల్సింది "పోలీసు రిజిస్ట్రేషన్‌కి మీ ఇంటి పత్రం, మీ గుర్తింపు కార్డు కాపీ ఇస్తారా" అని. విదేశీయులకి ఇల్లు ఇవ్వం అనే ఓనర్లు అక్కడా ఉన్నారు. వాళ్ళ బాధ మీ పెళ్ళి గురించి కాదు, స్టేషన్ చుట్టూ తిరగాలనీ, అద్దె లెక్కలోకి వస్తే పన్ను కట్టాలనీ. అలాంటివాళ్ళతో వాదించకుండా ఇంకో ఇల్లు చూసుకోవడమే నయం. అద్దె మీ కంపెనీ తిరిగి ఇచ్చేట్టయితే పన్ను బిల్లు కావాలని ముందే చెప్పండి, ఆ ఒక్క మాటకి అద్దె కాస్త పెరగొచ్చు.

పేరు గురించి ఇంకో మాట. మన తెలుగువాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు రెండు ముక్కలుగా ఇంకోచోట ఉంటాయి, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. అద్దె కాంట్రాక్టులో, స్టేషన్ కాగితంలో, ఆఫీసు కాగితంలో మూడింట్లోనూ పాస్‌పోర్టులో ఉన్న వరసే ఉండాలి. మా ఆయన పేరులో ఒక అక్షరం పోయి నాకు ఒక పూట సెలవు పోయింది.

ఇప్పుడు అసలు విషయం. పెళ్ళికాని జంటకి అక్కడ ఇల్లు దొరకడంలో ఇబ్బంది లేదు, ఇబ్బంది ఆ ఇల్లు ఎవరి పేరున ఉంది అనేదగ్గర వస్తుంది. మీకు కాబోయే ఆయన ముందే అక్కడున్నారు కాబట్టి ఆయన పేరునే కాంట్రాక్టు రాసేసుకుని, మీరు వచ్చి చేరడం తేలిగ్గా అనిపిస్తుంది. అలా చేయకండి. ఇద్దరి పేర్లూ, ఇద్దరి పాస్‌పోర్ట్ నంబర్లూ కాంట్రాక్టులో రాయించండి. భార్యాభర్తలైతే ఇరువైపుల పెద్దలో, కోర్టో, ఏదో ఒకటి అండగా ఉంటుంది. మీకు అక్కడ ఉండేది ఆ నాలుగు పేజీలే. ఏదో మాటా మాటా పెరిగి ఆయన వెళ్ళిపొమ్మన్నా, లేక ఆయన్నే కంపెనీ ఇంకో ఊరికి మార్చినా, కాంట్రాక్టులో పేరు లేని మనిషి అర్ధరాత్రి పెట్టె పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. మీ ఆయన అలాంటివారు కారు, నాకు తెలుసు, నేను చూసిన అమ్మాయి కూడా ఇలాగే అనుకుంది. అడ్వాన్స్ ఎవరు ఎంత ఇచ్చారో కూడా ఫోన్‌లో పంపిన డబ్బు రికార్డు ఉండేట్టు చూసుకోండి, చేతికి నగదు వద్దు. ఒక మంచి సంగతి, అద్దెకున్న మనిషి చనిపోతే ఆ ఇంట్లో కలిసి ఉన్నవాళ్ళు పాత కాంట్రాక్టు ప్రకారమే కొనసాగొచ్చని సివిల్ కోడ్ 732వ అధికరణం చెబుతుంది. కలిసి ఉన్నవాళ్ళు అని ఉంది తప్ప భార్య అని లేదు. మధ్యలో ఓనర్ ఇల్లు అమ్మేసినా మీ కాంట్రాక్టు చెల్లుతుందని 725 చెబుతుంది.

అద్దె పద్ధతి మనకన్నా కొంచెం వేరు. ఒక నెల అడ్వాన్స్, మూడు నెలల అద్దె ముందు, దాన్ని యా ఈ ఫు సాన్ అంటారు, పైన ఏజెంట్ కమీషన్. మొత్తం కలిపి తాళం చేతికి వచ్చేలోపు నాలుగు నెలల పైనే డబ్బు కట్టాలి, ఇక్కడి నుంచి వెళ్ళేటప్పుడే అది లెక్కేసుకోండి. ఏడాది అద్దె ఒకేసారి కడితే తగ్గిస్తాం అనేవాళ్ళుంటారు, వద్దు. 2020లో అక్కడ ఒక పెద్ద అద్దె కంపెనీ చేతులెత్తేస్తే, ముందే డబ్బు కట్టేసినవాళ్ళని ఓనర్లు ఖాళీ చేయమన్నారు. ఇంకో రకం మనుషులు ఎర్ ఫాంగ్‌దోంగ్‌లు, అంటే రెండో ఓనర్లు, తాము అద్దెకు తీసుకుని మనకి మళ్ళీ అద్దెకిచ్చేవాళ్ళు. అసలు ఓనర్ ఒప్పుకోకుండా అలా ఇస్తే ఆయన కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. ఇంటి పత్రంలో పేరూ, మీ ఎదురుగా ఉన్న మనిషి కార్డులో పేరూ ఒకటేనా, ఇది చూడకుండా సంతకం పెట్టకండి.

ఇల్లు చూసేటప్పుడు వంటిల్లు చూడండి. కుర్రకారుకి నచ్చే చిన్న సోకు ఫ్లాట్లు కొన్ని వాణిజ్య స్థలంలో కట్టినవి, వాటిలో చాలావాటికి గ్యాస్ లైన్ ఉండదు, కరెంటు కూడా కమర్షియల్ రేటు. ఇండక్షన్ మీద పప్పు ఉడుకుతుంది కానీ దోసె మాత్రం మొండికేస్తుంది. దక్షిణం వైపు కిటికీలున్న ఇల్లు ఓ నాలుగు డబ్బులు ఎక్కువైనా తీసుకోండి. ఉత్తర చైనాలో చలికాలం ఊరంతటికీ వేడి గొట్టాలుంటాయి, హ్వాయ్ నదికి దక్షిణాన ఉన్న సుజౌలో మామూలుగా ఉండవు. విశాఖ ఉక్కపోతలో పెరిగిన ప్రాణం జనవరిలో ఎండకోసం అల్లాడుతుంది.

ప్రశ్న: గాజువాక నుంచి రాస్తున్నాను. నేను షాంఘైలో పనిచేస్తున్నాను, ఇప్పుడు సెలవు మీద వచ్చాను. మేం ముగ్గురు ఫ్రెండ్స్ ఒక ఫ్లాట్ షేర్ చేసుకుంటున్నాం. నా గర్ల్‌ఫ్రెండ్‌కి అక్కడ ఉద్యోగం లేదు, నా డిపెండెంట్‌గా తీసుకెళ్ళి ఆ ఫ్లాట్‌లోనే ఉంచుదామని ఆలోచన. కుదురుతుందా?

జవాబు: కుదరదు బాబూ. ఇంటి విషయంలో చూసీచూడనట్టు వదిలేసే ఆ దేశమే వీసా దగ్గరికి వచ్చేసరికి పెళ్ళి సర్టిఫికెట్ అడుగుతుంది. అక్కడ పనిచేసే విదేశీయుడి కుటుంబానికి ఎక్కువకాలం ఉండేందుకు ఇచ్చేది ఎస్1 వీసా. అది భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, అత్తమామలు, 18 ఏళ్ళలోపు పిల్లలకి. గర్ల్‌ఫ్రెండ్ ఆ వరసలో లేదు. టూరిస్ట్ వీసా మీద వచ్చి ఉండిపోదాం అనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు, గడువు దాటితే రోజుకి 500 యువాన్లు, మొత్తం 10,000 దాకా, లేదా 5 నుంచి 15 రోజులు లోపల. మరి ఆ అమ్మాయికి దారి ఏమిటంటే, సొంతంగా ఉద్యోగమో, చదువుకోడానికి సీటో సంపాదించుకోవడం. చైనీస్ భాషా కోర్సులో చేరి స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళని నేను చూశాను.

లేదా పెళ్ళి. మనవాళ్ళు చేసే పని ఒకటుంది కదా, వీసా కోసం ముందు రిజిస్టర్ చేయించేసి, ముహూర్తం నెమ్మదిగా చూసుకోవడం. ఇక్కడ జాగ్రత్త. తాళీ, సప్తపదీ లాంటి తంతు ఏదీ జరగకుండా హిందూ వివాహ చట్టం కింద తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో పెళ్ళి అయిపోయినట్టు కాదని సుప్రీంకోర్టు 2024లో తేల్చి చెప్పింది, వీసా కోసం ఇలా రిజిస్టర్ చేయించే అలవాటుని ఆ తీర్పులోనే ప్రస్తావించింది కూడా. తంతు తర్వాత అనుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోండి. దానికి 30 రోజుల నోటీసు ఉంటుంది, ఆ నోటీసు ఆఫీసులో అంటిస్తారు, కాబట్టి ఇళ్ళల్లో చెప్పకుండా చేద్దామనుకుంటే విశాఖ లాంటి ఊళ్ళో ఎవరో ఒక బాబాయి కంట పడుతుంది. సర్టిఫికెట్ చేతికొచ్చాక దానికి ధ్రువీకరణల తతంగం వేరే ఉంది, టికెట్లు ముందే కొనకండి. ఎస్1 మీద వచ్చిన మనిషి పని చేయకూడదని కూడా ఆ అమ్మాయికి చెప్పండి, పక్క ఫ్లాట్ పిల్లలకి డబ్బు తీసుకుని ఇంగ్లిష్ చెప్పినా పని పనే, జరిమానా 5,000 నుంచి 20,000 యువాన్లు.

షేరింగ్ ఫ్లాట్ మాట. షాంఘైలో ఒక గదికి ఇద్దరికి మించి ఉండకూడదు, మనిషికి కనీసం 5 చదరపు మీటర్లు రావాలి. మీ గదిలో మీరిద్దరూ అంటే లెక్క సరిపోవచ్చు. కానీ ఒకే బాత్‌రూమ్‌కి ఆ పిల్ల, ముగ్గురు మగపిల్లలు! ఈ ఐడియా ఆ అమ్మాయికి చెప్పారా అసలు?

ప్రశ్న: మాది లాసన్స్ బే కాలనీ. పైపోర్షన్ ఖాళీగా ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకుంటున్న ఒక విదేశీ జంట వచ్చి అడిగారు. పెళ్ళి కాలేదని వాళ్ళే చెప్పారు. మాకు పర్వాలేదు కానీ చుట్టుపక్కలవాళ్ళు "చట్టం ఒప్పుకోదు, మీ మీదకి వస్తుంది" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చైనాకి వెళ్ళే పిల్లలు ఏం అడుగుతున్నారో, మన ఊరికి వచ్చిన పిల్లల గురించి మీరూ అదే అడిగారు, ఉత్తరం చదివి నవ్వుకున్నాను సార్. చట్టం సంగతి కూడా దాదాపు అంతే. పెద్దవాళ్ళిద్దరు పెళ్ళి లేకుండా కలిసి ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మీ మీదకి వచ్చేది ఒకటుంది, మనం సి ఫారం అని పిలుచుకునేది. విదేశీయులు మీ ఇంట్లో దిగిన 24 గంటల్లోపు వాళ్ళ పాస్‌పోర్ట్, వీసా వివరాలు ఆన్‌లైన్లో విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకి పంపాలి. హోటళ్ళకే కాదు, ఇల్లు ఇచ్చిన మామూలు మనిషికీ ఇది వర్తిస్తుంది. 1946 నాటి విదేశీయుల చట్టం పోయి 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త చట్టం వచ్చింది కానీ ఓనర్ బాధ్యత అలాగే ఉంది. ఇద్దరికీ విడివిడిగా పంపండి, పంపినట్టు వచ్చే కాపీ దాచుకోండి. అగ్రిమెంటులో ఇద్దరి పేర్లూ పెట్టండి, యూనివర్సిటీ నుంచి చదువుతున్నట్టు ఒక లెటర్ తీసుకోండి.

చుట్టుపక్కలవాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలీదు. మా అపార్ట్‌మెంట్‌లో ఇలాంటిదే వస్తే అసోసియేషన్ మీటింగ్‌లో రెండు గంటలు గొడవపడి, చివరికి నీళ్ళ ట్యాంకర్ డబ్బు గురించి మొదలై అందరూ దీన్ని మర్చిపోయారు.

ప్రశ్న: మా అబ్బాయి హాంగ్‌జౌలో ఉద్యోగం. అక్కడ ఒక తెలుగమ్మాయితో ఒకే ఇంట్లో ఉంటున్నాడని ఈమధ్యే చెప్పాడు. మొదట ఏడ్చాను, ఇప్పుడు చూసొద్దామని ఉంది. నేను వాళ్ళింట్లో దిగితే ఏమైనా ఇబ్బందా, హోటల్లో దిగాలా? గోపాలపట్నం నుంచి ఒక తల్లి.

జవాబు: ఇంట్లోనే దిగండి అక్కా. అబ్బాయి పంపే ఆహ్వాన లేఖ, మీ ఇద్దరి బంధుత్వం చూపించే కాగితం పెట్టి ఎస్2 వీసాకి వెళ్ళండి, అది కుటుంబాన్ని చూడటానికి వచ్చేవాళ్ళకి, 180 రోజుల దాకా ఉంటుంది. మీక్కూడా 24 గంటల రూలు ఉంది, ప్రయాణం బడలిక అంటూ రెండు రోజులు పడుకోకుండా, దిగిన వెంటనే పాస్‌పోర్ట్ పట్టుకుని స్టేషన్‌కో, అబ్బాయి ఫోన్‌లోనో నమోదు చేయించుకోండి. ఒకవేళ అక్కడ పోలీసు మీకూ ఆ అమ్మాయికీ ఏం సంబంధం అని అడిగితే అబ్బాయి ఫ్రెండ్ అని చెప్పండి, అలాగే రాసుకుంటారు. వెళ్ళాక అబ్బాయిని పక్కకి పిలిచి, అద్దె కాంట్రాక్టులో ఆ పిల్ల పేరు ఉందో లేదో ఒకసారి అడగండి.